పైన రైలు, కింద నర్సింగమ్మ

త్రివేణి కాలు విరిగింది. మియాపూర్‌లో మెట్రో స్టేషన్ మెట్లు దిగుతూ, ఫోన్‌లో ఎవరిదో పెళ్లి బరాత్ డాన్సు చూస్తూ, మెట్లు అయిపోయాయనుకుని నేల మీద వేసినట్టు అడుగు వేసింది. మెట్లు అయిపోలేదు.

తల్లి వచ్చి కొన్నాళ్లు దవాఖానాలో తోడుంది. నాట్లు మొదలయ్యేసరికి చిట్యాల పక్కనున్న తమ ఊరికి వెళ్లిపోయింది. తండ్రి లింగస్వామికి గొర్రెలను వదిలి కదిలే వీల్లేదు. దాంతో త్రివేణి నాయనమ్మ నర్సింగమ్మ, "నేను పోత" అంది. అరవై దాటిన మనిషి. విరిగిన బొక్క అతకాలంటే గొర్రె కాళ్ళ చారు తాగాల్సిందేనని ఆమె నమ్మకం. డాక్టరు రాసిచ్చిన గోళీల మీద ఆమెకు కోపమేమీ లేదు. అవి కూడా వేసుకుంటే వేసుకోనీ అన్నట్టుండేది.

ఏ గొర్రె కాళ్ళు అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇంట్లో అందరూ ఒకే దిక్కు చూశారు. ఆ దిక్కున రాజుగాడనే పొట్టేలు నిలబడి ఉంది. పుట్టిన రోజే తల్లి పాలివ్వకపోతే నర్సింగమ్మ సీసాతో పాలు పట్టి పెంచింది. ఆ గారాబానికి అది ఊరందరినీ కుమ్మేది. సర్పంచిని కుమ్మింది, ఓట్ల కోసం వచ్చినవాళ్లను పార్టీ భేదం లేకుండా కుమ్మింది. నర్సింగమ్మ ఒక పూట ఏడ్చి, మర్నాడు ఒప్పుకుంది. లింగస్వామి కోశాడు. ఆమె కాళ్ళు, తలకాయ కాల్పించి, పసుపు రాసి, రాత్రంతా పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో పెట్టించి, పొద్దున్నే ప్లాస్టిక్ కవర్లలో చుట్టి గుడ్డసంచిలో సర్దింది.

తోడుగా ఆమె భర్త గోపయ్య బయల్దేరాడు. "పట్నం నాకు కొట్టిన పిండి" అని అతను ఎప్పుడూ అంటుంటాడు. అది అబద్ధం కాదు, అట్లాగని నిజమూ కాదు. పట్నంలో ఏ పార్టీ బహిరంగసభ పెట్టినా గోపయ్య లారీ ఎక్కేవాడు. అన్ని పార్టీల బిర్యానీ పొట్లాలూ తిన్నాడు, అన్ని పార్టీల టోపీలూ ఇంట్లో దండెం మీద ఉన్నాయి. సభ జరిగే మైదానాలు తప్ప పట్నంలో అతను చూసిందేమీ లేదు.

చిట్యాలలో బస్సెక్కగానే కండక్టర్ నర్సింగమ్మ ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ చేతిలో పెట్టాడు. గోపయ్య దగ్గర మాత్రం పైసలు తీసుకున్నాడు.

"ప్రభుత్వం నన్ను పిలిచింది. నువ్వు ఊకెనే వస్తున్నవ్" అంది నర్సింగమ్మ.

గోపయ్య ఎల్బీనగర్ దాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

ఎల్బీనగర్‌లో దిగాక ఆమె సిటీ బస్సు కోసం చూసింది. అందులోనూ జీరో టికెట్టే కదా. గోపయ్య ఒప్పుకోలేదు. "గీ బస్సులల్ల నలుగుకుంట పోతమా? మెట్రోల పోదాం. ఏసీ ఉంటది. సక్కగ మియాపూర్ల దించుతది" అని ముందు నడిచాడు. టికెట్లు రెండూ అతనే కొన్నాడు. మగవాళ్ల వరసలో ఒళ్లంతా తడిమించుకుని, మిషన్‌కు టికెట్ చూపించి, అద్దాల గేటు దాటి లోపలికి వెళ్లిపోయాడు. అక్కడ నిలబడి చేతులు వెనక కట్టుకుని, స్టేషన్ తనదే అన్నట్టు చుట్టూ చూశాడు.

ఇవతల నర్సింగమ్మ సంచి బెల్టు మీద కదిలి యంత్రంలోకి వెళ్లింది. తెర ముందు కూర్చున్న ఫర్హానా అనే సెక్యూరిటీ అమ్మాయి బెల్టు ఆపింది. తెర దగ్గరికి ముఖం పెట్టింది. అక్కడ దవడ, దవడ నిండా పళ్లు కనపడుతున్నాయి.

"గీ సంచి ఎవరిది?" అని అడిగింది.

"నాదే బిడ్డా."

"ఏమున్నయవ్వా గిందుల?"

"కాళ్ళు."

"ఎవరి కాళ్ళు?"

"రాజుగానియి."

వరసలో వెనకున్న లాప్‌టాప్ సంచి కుర్రాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు.

"తలకాయ గూడ కనవడుతాంది..." అంది ఫర్హానా మెల్లగా.

"తలకాయ లేకుంటెట్ల బిడ్డా? రెండూ కలిపి వండితెనే రుచి."

కుర్రాడు రెండడుగులు వెనక్కి వేసి, వెనకున్నామె కాలు తొక్కాడు. ఆమె కూడా వెనక్కే జరిగింది.

"రాజు ఎవరవ్వా?"

"మా ఇంట్లనే పుట్టిండు. తల్లి దగ్గరికి రానియ్యకపోతే నేనే పాలు తాపి పెంచిన. మంచిగ బలిసిండు. నిన్న మా కొడుకు కోసిండు" అంది నర్సింగమ్మ. చెప్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది. "ఏం జేస్తం బిడ్డా, మనుమరాలి కాలిరిగె. ఇంట్ల ఉన్నోడు ఇంట్లోళ్లకు అక్కరకు రాకపోతె ఎట్ల?"

ఫోన్లు పైకి లేచాయి. ఎవరో "పోలీసులకు ఫోన్ చెయ్యుండ్రి" అన్నారు. ఒక పెద్దాయన ఫోన్ చేయడం తర్వాత, ముందు వీడియో తీస్తే సాక్ష్యం ఉంటుందని సలహా ఇచ్చాడు. ఈలోగా విజేందర్ అనే సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి, సంచి తెరిపించి, కవరు అంచు పట్టి లోపలికి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు. అతనిది నల్గొండ జిల్లానే. కాల్చిన పొట్టేలు తలకాయను ఎక్కడున్నా గుర్తుపడతాడు.

"పొట్టేలు" అని ప్రకటించాడు.

వరసంతా ఊపిరి పీల్చుకుంది. వీడియో తీస్తున్నవాళ్లు కొంచెం నిరాశపడ్డారు.

"మంచిగ కాల్చినవవ్వా. గని పచ్చి మాంసం రైల్ల తీస్కపోవద్దు. రూల్" అన్నాడు విజేందర్.

"పచ్చి మాంసం వద్దా?" నర్సింగమ్మ గేటు అవతల ఎక్కుతున్న జనాన్ని చూపించింది. "మరి గీళ్లంత ఉడికినోళ్లా?"

ఫర్హానా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. విజేందర్ కూడా నవ్వబోయి ఆగాడు. నవ్వొచ్చినంత మాత్రాన రూలు మారదు గదా. "నాతోటి కాదవ్వా. నా నౌకరీ పోతది" అన్నాడు. అతను మర్యాదగానే చెప్పాడు కాబట్టి ఆమె అతన్ని తిట్టలేదు. తిట్టడానికి గేటు అవతల మనిషి ఉన్నాడు.

"ఓయ్, ఇటు రా! నన్ను రానిస్తలేరు" అని గట్టిగా పిలిచింది.

గోపయ్య అటు తిరిగి గోడ మీది బోర్డు చదువుతున్నాడు. అతనికి చదువు రాదు.

"ఓ లింగస్వామి నాయినా! నిన్నే!"

ఇప్పుడు అందరూ లింగస్వామి నాయిన ఎవరా అని వెతికారు. తప్పించుకునే దారి లేక గోపయ్య ఇటు తిరిగాడు. గేటు దగ్గరికి వచ్చి, పెదవులు కదిలీ కదలకుండా, "నేను లోపటికి వచ్చిన. టికెట్ ఖరాబైతది. నువ్వు బస్సుల రా. నేను పోయి ముంగల కూసుంట" అన్నాడు. ఆమె ఏదో అనేలోపు మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు. ఫోను అతని జేబులోనే ఉంది.

నర్సింగమ్మ సంచి చంకలో పెట్టుకుని అక్కడే నిలబడింది. పెళ్లయిన నాటి నుంచి ఆ మనిషి ముందు, ఆమె వెనక. సంతకైనా, జాతరకైనా, దవాఖానకైనా అంతే. అది ఆమెకు అలవాటే. కానీ ఇట్లా పట్నం నడిమధ్యన, అద్దం అవతల నుంచి తెలియనిదాన్ని చూసినట్టు చూసి పోవడం ఇదే మొదలు. కొంగు కళ్ల దాకా పోయింది. ఏడుపనుకుంది. ఒక్క క్షణం ఆగాక తెలిసింది, అది కోపం.

"అవ్వా, కింద రోడ్డు దాటితె పటాన్‌చెరు బస్సు వస్తది. అది మియాపూర్ మీదికెల్లే పోతది" అంది ఫర్హానా.

"ఎవరు ముంగల పోతరు బిడ్డా? రైలా, బస్సా?"

ఫర్హానా అబద్ధం చెప్పలేకపోయింది. "రైలే."

"సూద్దాం" అని నర్సింగమ్మ మెట్లు దిగింది.

పటాన్‌చెరు బస్సు వచ్చింది. ఆడవాళ్ల గుంపుతో పాటు ఆమె కూడా లోపలికి కొట్టుకుపోయింది. గొర్రెల మందతో బతికిన మనిషికి గుంపులో ఎట్లా ముందుకు పోవాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. కిటికీ పక్కన సీటు సంపాదించి, సంచి కాళ్ల దగ్గర పెట్టుకుంది. కండక్టర్ మల్లీశ్వరి నారాయణపేట దగ్గరి ఊరామె. జీరో టికెట్ కొడుతూ, "ఒక్కదానివే వస్తున్నవా అవ్వా?" అని అడిగింది.

అడగకపోతే బాగుండేది. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేలోపు నర్సింగమ్మ మొత్తం చెప్పింది. మలక్‌పేట వచ్చేసరికి బస్సు ముందు సగానికి గోపయ్య ఎట్లాంటివాడో తెలిసిపోయింది. ఆడవాళ్లకు ఆ కథ కొత్తగా ఏమీ అనిపించలేదు. ఎవరి ఇంటి గోపయ్య వాళ్లకు ఉన్నాడు. కూరగాయల గంప పెట్టుకున్న ఒకామె తన భర్త రిజిస్ట్రారు ఆఫీసులో తనను మరిచిపోయి ఇంటికొచ్చి, అన్నం పెట్టేవాళ్లు లేక గుర్తుచేసుకున్న సంగతి చెప్పింది.

రోడ్డు నడుమ స్తంభాలు, స్తంభాల మీద రైలు. బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా పైన ఒక రైలు గాలిలో తేలుతున్నట్టు వెళ్లిపోయేది.

"అగో, పోతాండు" అనేది నర్సింగమ్మ.

"గది గాదవ్వా, గాయిన రైలు ఎప్పుడో పోయింది" అని మల్లీశ్వరి ఒకసారి నిజం చెప్పబోయింది. బస్సంతా ఆమెను కసిరింది. అప్పటినుంచి పైన ఏ రైలు పోయినా అందులో గోపయ్య ఉన్నట్టే లెక్క. ఆడవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి మరీ తిట్టారు. ఏ పాపం ఎరుగని ఎంతమంది ఉద్యోగస్థులు ఆ పూట నెత్తిన ఆ తిట్లు మోసుకుంటూ ఆఫీసులకు పోయారో.

"అన్నా, జర జల్ది పోనియ్. అవ్వ పందెంల ఉన్నది" అని మల్లీశ్వరి డ్రైవర్‌కు చెప్పింది.

"నాకు చెప్తె ఏమొస్తది? ముంగలున్న ఆటోలకు చెప్పు" అన్నాడు డ్రైవర్.

కోఠీ దాటాక ఇంకో చిక్కొచ్చింది. ఫ్రిజ్ చల్లదనం తగ్గి సంచి కారడం మొదలైంది. పక్కన నిలబడ్డ ఒకాయన తెల్ల బూటు మీద చుక్కలు పడ్డాయి. ఆయనది కోస్తా వైపు యాస.

"ఏవమ్మా, ఈ సంచిలోంచి రక్తం కారుతోందండీ!"

"రక్తం గాదయ్యా, పసుపునీళ్లు."

"పసుపు ఎర్రగా ఉంటుందా అమ్మా?"

"మా దిక్కు పసుపు గట్లనే ఉంటది" అంది నర్సింగమ్మ తొణక్కుండా. ఆయన సంచిలో ఏముందో తెలుసుకునేదాకా వదల్లేదు. తెలిశాక బూటు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా, "మిరియాలు ముందు వేస్తారా, చివర్లోనా?" అని అడిగాడు. ఆ చర్చ అమీర్‌పేట దాకా సాగింది. ఆయన దిగాల్సింది లక్డీకాపూల్‌లో.

అమీర్‌పేట దాటేసరికి నర్సింగమ్మకు ఒక విషయం తట్టింది. చాలాసేపటి నుంచి ఆమె గోపయ్యను తిట్టనే లేదు. కిటికీలోంచి బట్టల దుకాణాలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న కోచింగ్ సెంటర్ల బోర్డులు, బండి మీద వంగి మిర్చీలు తింటున్న సూటువాళ్లను చూస్తూ కూర్చుంది. ఎప్పుడూ ముందు నడిచే మనిషి వీపు కనపడేచోట ఈ రోజు పట్నం కనపడుతోంది. బాగానే ఉంది. ఇంకొంచెం దూరమైనా బాగుండు అనుకుంది.

బస్సు మధ్యాహ్నానికి మియాపూర్ చేరింది. మల్లీశ్వరి తన ఫోన్ నుంచే త్రివేణికి చేసింది. ఆ పిల్ల నంబరు నర్సింగమ్మకు నోటికొచ్చు. త్రివేణితో పాటు గదిలో ఉండే నాగరాణి స్టాపు దగ్గరికొచ్చి తీసుకెళ్లింది. బస్సులో ఉన్న ఆడవాళ్లు చేతులూపారు. కూరగాయల ఆమె, "ఆయన వెనకొస్తె తలుపు తియ్యకుండ్రి" అని అరిచింది.

తలుపు తీయాల్సిన అవసరం లేకపోయింది. గోపయ్య ఇంకా రానే లేదు.

"తాత ఏడీ?" అంది త్రివేణి, మంచం మీద కాలు చాపుకుని.

నర్సింగమ్మకు మొదట గెలిచినందుకు సంతోషం వచ్చింది. తర్వాత గుమ్మం వైపు చూసింది. చదువు రాని మనిషి. ఎన్ని మైదానాలు చూసినా ఒక్క వీధి తెలియని మనిషి. "ఫోన్ చెయ్ బిడ్డా" అంది. గొంతులో తొందర కనపడకుండా ఉండాలని సంచి విప్పే పని పెట్టుకుంది.

త్రివేణి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"తాతా, ఏడున్నవ్?"

"వస్తున్న బిడ్డా. ట్రాఫిక్ మస్తున్నది."

"రైలుకు ట్రాఫిక్ ఏందో అడుగు" అంది నర్సింగమ్మ.

అవతల గోపయ్య దగ్గాడు. ఆ దగ్గు వెనక ఎవరో ఆటోవాడు "ఉప్పల్ ఉప్పల్ ఉప్పల్" అని గొంతు చించుకుంటున్నాడు. నాగరాణి కళ్లు పెద్దవి చేసింది. మియాపూర్ పట్నానికి ఒక కొసన ఉంటే, ఉప్పల్ మరో కొసన ఉంటుంది.

జరిగింది ఇది. రైల్లో గోపయ్యకు సీటు దొరికింది. ఏసీ చల్లగా తగిలింది. వెనక వదిలేసి వచ్చిన భార్య ముఖం రెండు స్టేషన్ల దాకా కళ్ల ముందే ఉంది, తర్వాత నిద్ర పట్టింది. అమీర్‌పేటలో రైలు మారేవాళ్ల గోల విని ఉలిక్కిపడి లేచాడు. సగం పెట్టె దిగిపోతోంది. అందరూ దిగుతుంటే తానూ దిగాడు, సభల్లో నేర్చుకున్న విద్య అదే. జనం ఎటు పోతే అటు పోయి, వాళ్లు ఎక్కిన రైలే ఎక్కాడు. పక్కనున్న కుర్రాణ్ని "మియాపూరేనా?" అని అడిగాడు. చెవుల్లో పాట మోగుతున్న ఆ కుర్రాడు తల ఊపాడు. పాటకు ఊపాడో, ప్రశ్నకు ఊపాడో దేవుడికే తెలియాలి. గోపయ్య మళ్లీ అడగలేదు. పట్నం తెలిసినవాడు రెండుసార్లు అడగడు. మళ్లీ నిద్రపోయాడు.

లేపి దించేసరికి నాగోల్. మెట్లు దిగి, టీ కొట్టు మెహమూద్‌ను, "త్రివేణి ఉండేది గీడనేనా? మియాపూర్ల" అని అడిగాడు.

"చాచా, గిది నాగోల్. మియాపూర్ ఆ కొసకున్నది."

"మరి ఎల్బీనగర్ ఎంత దూరం?"

"గదా? గిట్ల పోతే వచ్చేస్తది" అని మెహమూద్ చెయ్యి చాపి చూపించాడు.

పొద్దున రైలెక్కిన చోటి పక్కకే తిరిగొచ్చానని గోపయ్యకు అప్పుడర్థమైంది. బెంచీ మీద కూర్చుండిపోయాడు. మెహమూద్ అడక్కుండానే చాయ్ ఇచ్చాడు. ఆ దెబ్బ తిన్న ముఖాన్ని అతను ఆ స్టేషన్ కింద రోజూ చూస్తూనే ఉంటాడు.

గోపయ్య మియాపూర్ చేరేసరికి పొద్దు వాలింది. తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. గదంతా చారు వాసన. త్రివేణి రెండో గిన్నె తాగుతోంది. నాగరాణి దవడ ముక్క పట్టుకుని కూర్చుంది.

"నాగోల్ల మనోళ్లున్నరు. కలిసి పోదామని దిగిన" అన్నాడు గోపయ్య ఎవరూ అడక్కముందే.

"ఎవరు?" అంది నర్సింగమ్మ.

"పేరు యాదికొస్తలేదు."

ఎవరూ నవ్వలేదు. అతను చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. నర్సింగమ్మ గిన్నె ముందు పెట్టి, పక్కనే నిలబడి అడిగింది. "అద్దం అవుతల నిలవడి చూసినవు గద. ఎందుకు పోయినవ్?"

గోపయ్య గిన్నెను దగ్గరికి జరుపుకున్నాడు. "గంత మందిల బొక్కల సంచి పట్టుకొని ఒర్లుతాంటివి. ఇజ్జత్ పోయిందనుకున్న."

"మరి దొరికిందా నాగోల్ల?"

"లే" అన్నాడు గోపయ్య. గిన్నెలోకే చూస్తూ, "తప్పైంది" అన్నాడు. చాలా చిన్నగా అన్నాడు. పెళ్లయ్యాక ఆ మాట అతని నోట వినడం ఆమెకు అదే మొదటిసారి కాబట్టి, మంచం మీద ఉన్న త్రివేణికి వినపడిందో లేదో అని అటు చూసి, వినపడిందని తెలిశాక ఇంకో గంటెడు చారు పోసింది.

మర్నాడు పొద్దున్నే నర్సింగమ్మ తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని తయారైంది. నాగరాణికి ఆ రోజు కూడా సెలవే. ఇద్దరూ బస్సులో హుస్సేన్‌సాగర్ చూడ్డానికి పోతున్నారు.

"నేను గూడ వస్త" అన్నాడు గోపయ్య చెప్పుల కోసం వెతుకుతూ.

"అందరం పోతే పిల్లకు మంచినీళ్లెవరిస్తరు? చారు పొయ్యి మీదున్నది, అడుగంటకుంట కలుపు" అని ఆమె ముందు నడిచింది.

గోపయ్య ఆ పూటంతా గంటె తిప్పాడు. రెండుసార్లు నీళ్లిచ్చాడు, ఒకసారి అడుగంటించాడు. మధ్యాహ్నం దాటాక నర్సింగమ్మ తిరిగొచ్చి, కొంగుతో విసురుకుంటూ మంచం అంచున కూర్చుంది. అన్ని సభలకు వెళ్లినా ఆ చెరువును గోపయ్య ఎన్నడూ చూడలేదు. ఉండబట్టలేక అడిగాడు.

"నీళ్ల నడిమిట్ల పెద్ద బుద్ధుడుంటడట గద. ఎట్లున్నడు?"

"మంచిగున్నడు. గని పాపం నిలవడ్డడు. ఆయనకు గూడ సీటు దొరకనట్టున్నది" అంది నర్సింగమ్మ.

త్రివేణి పడీపడీ నవ్వింది.

"నవ్వకే, కాలు కదులుతది" అని గోపయ్య కసిరి, మాడిన గిన్నె తోమడానికి బయటికి తీసుకెళ్లాడు.